మోగని హారన్

2025 జూన్ 12 మధ్యాహ్నం అహ్మదాబాద్ నుంచి లండన్‌కు బయలుదేరిన ఎయిర్ ఇండియా 171 విమానం నేల విడిచిన నిమిషంలోపే ఒక మెడికల్ కాలేజీ హాస్టల్ మీద కూలిపోయింది. ఆ సాయంత్రం నుంచే మన టీవీ చర్చల్లో ఫ్లాపుల ప్రస్తావన మొదలైంది. ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన మసక వీడియోను ఆపి ఆపి చూపిస్తూ, రెక్కల వెనక ఫ్లాపులు దించలేదని కొందరు, దించారని కొందరు వాదించుకున్నారు. సరిగ్గా నెల తిరిగేసరికి మన దేశపు విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదిక బయటపెట్టింది. శిథిలాల్లో ఫ్లాపుల లివర్ 5 డిగ్రీల దగ్గరే దొరికిందనీ, మామూలుగా టేకాఫ్‌కు ఉండాల్సిన చోటు అదేననీ అందులో ఉంది. దాంతో అందరి చూపూ ఇంజన్లకు ఇంధనం అందించే స్విచ్‌ల మీదికి మళ్లింది. ఫ్లాపుల వాదన చల్లబడింది.

టీవీ వాళ్ల సంగతి వదిలేయండి. ఏళ్ల తరబడి విమానాలు నడిపినవాళ్లు కూడా మొదట ఫ్లాపుల్నే ఎందుకు అనుమానించారు? ఆ విమానం విషయంలో వాళ్ల అనుమానం నిలబడలేదు. అయినా అది గుడ్డిగా వేసిన రాయి కాదు. రన్‌వే మీద బాగానే పరుగెత్తి, ముక్కు పైకెత్తి, నాలుగు అడుగులు లేచి, ఇక లేవలేక కూలిన జెట్ విమానాల చరిత్రలో రెక్కల్ని టేకాఫ్‌కు సిద్ధం చేయడం మరచిపోయిన కథలు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో 2008లో జరిగిన ప్రమాదం. అందులో ఒక మనిషి మరుపు ఉంది, ఒక యంత్రం మౌనం ఉంది, రెంటికీ మధ్య అగ్గిపెట్టెంత రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, ఒకటి ఉంది.

ముందు రెక్క సంగతి చూద్దాం.

మాడ్రిడ్‌లో కూలినది ఎండీ-82 రకం విమానం. ఇంజన్లు రెండూ తోక దగ్గర ఉంటాయి. నిండుగా నింపితే దాని బరువు దాదాపు 68 టన్నులు. రెక్కల వైశాల్యం 112 చదరపు మీటర్లు. భాగిస్తే, రెక్కలో ప్రతి చదరపు మీటరూ 600 కిలోల బరువు మోయాలని తేలుతుంది. ఆ బరువును నిజంగా మోసేది గాలి. రెక్క గాలిని కిందికి తోస్తుంది, గాలి రెక్కను పైకి తోస్తుంది. ఈ పైకెత్తే బలాన్ని లిఫ్ట్ అంటారు. లిఫ్ట్ వేగంతోపాటు పెరుగుతుంది, అదీ వేగం వర్గాన్ని బట్టి. వేగం రెట్టింపైతే లిఫ్ట్ నాలుగు రెట్లవుతుంది. తిరగేసి చూస్తే, వేగం మూడో వంతుకు పడిపోతే లిఫ్ట్ తొమ్మిదో వంతుకు పడిపోతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆకాశంలో గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు సన్నని, నున్నని రెక్క చాలు. టేకాఫ్ సమయంలో వేగం గంటకు 280, 290 కిలోమీటర్లకు మించదు. వేగం తగ్గడం వల్ల లిఫ్ట్ ఎనిమిదో వంతుకు దిగుతుంది. నేల దగ్గర గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఆ లోటు కొంత పూడుతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలికంటే ఇది సుమారు మూడు రెట్లు చిక్కన. అయినా ఇంకా రెండున్నర రెట్లకు పైగా లిఫ్ట్ కావాలి. అదెక్కడినుంచి రావాలి?

మొదటి దారి ముక్కు పైకెత్తడం. రెక్క గాలికి ఎంత ఏటవాలుగా ఎదురైతే అంత ఎక్కువ గాలిని కిందికి మళ్లిస్తుంది. కానీ దీనికి హద్దు ఉంది. కోణం ఒక స్థాయి దాటగానే, రెక్క పై తలాన్ని అంటిపెట్టుకుని జారుతున్న గాలి ఇక వంపు తిరగలేక విడిపోయి సుడులు తిరుగుతుంది. లిఫ్ట్ ఒక్కసారిగా పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. ఇంజన్ ఆగిపోవడాన్ని కూడా కారు నడిపేవాళ్లు ఇలాగే అంటుంటారు గానీ, విమానాల్లో స్టాల్‌కూ ఇంజన్‌కూ సంబంధం లేదు. ఇంజన్లు రెండూ పూర్తి బలంతో గర్జిస్తుండగానే రెక్క స్టాల్ కావచ్చు. మాడ్రిడ్‌లో అయింది కూడా అదే.

రెండో దారి రెక్క ఆకారాన్నే మార్చేయడం. రెక్క వెనక అంచున ఉన్న పలకలు వెనక్కి జరిగి కిందికి వంగుతాయి. ఇవి ఫ్లాపులు. వీటివల్ల రెక్క వంపూ, వైశాల్యమూ పెరుగుతాయి. ముందు అంచున ఉన్న పలకలు ముందుకు జరుగుతాయి. ఇవి స్లాట్లు. స్లాటుకూ రెక్కకూ మధ్య ఏర్పడే సన్నని సందులోంచి గాలి వేగంగా దూరి, రెక్క పైనున్న మందకొడి గాలికి కొత్త ఊపునిస్తుంది. దాంతో ఆ గాలి రెక్కను వదలకుండా ఇంకా పెద్ద కోణాలను కూడా తట్టుకుంటుంది. చూసేవాళ్లకు ఫ్లాపులే పెద్దగా కనిపిస్తాయి గానీ స్టాల్‌ను దూరంగా పెట్టే పనిలో స్లాట్ల పాత్రే ఎక్కువ. రెక్కకు కాస్త వెనకగా కిటికీ సీటు దొరికితే ఈసారి శంషాబాద్‌లోనో గన్నవరంలోనో గమనించండి. విమానం గేటు వదిలి రన్‌వే వైపు కదిలే వేళకు సన్నని రొద వినిపిస్తుంది, రెక్క వెనక అంచు మెల్లగా సాగుతుంది. ఆ కాసేపటి రొద మీదే మన ప్రయాణం ఆధారపడి ఉంటుంది.

అంత ముఖ్యమైనవైతే ఎప్పుడూ చాచే ఉంచొచ్చుగా అని అడగొచ్చు. చాచిన రెక్కకు గాలి అడ్డు ఎక్కువ. ఆ అడ్డుతో 800 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే ఇంధనం తగలేయాలి. అంత వేగపు గాలి తాకిడిని ఆ పలకలు తట్టుకోలేవు కూడా. అందుకే ప్రతి ప్రయాణంలోనూ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని వాటిని చాచాలి, తర్వాత ముడవాలి.

ఇక మాడ్రిడ్‌కు వద్దాం.

2008 ఆగస్టు 20. స్పానెయిర్ సంస్థ 5022 విమానం బరాహాస్ విమానాశ్రయం నుంచి అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న గ్రాన్ కనారియా దీవికి మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరాలి. వేసవి సెలవుల రద్దీ. సిబ్బందితో కలిపి 172 మంది ఉన్నారు. విమానం గేటు వదిలింది, ఫ్లాపులూ స్లాట్లూ చాచారు, రన్‌వే చివరిదాకా వెళ్లారు. అక్కడ కాక్‌పిట్‌లో ఒక అంకె వింతగా కనిపించింది. బయటి గాలి ఉష్ణోగ్రతను కొలిచే పరికరం నూరు డిగ్రీలు దాటి చూపిస్తోంది. ఎండాకాలమే కానీ మరీ అంత కాదు, అప్పుడు బయట ముప్పైకి కాస్త అటూ ఇటూ ఉంది. పైలట్లు విమానాన్ని వెనక్కి తిప్పారు. ప్రయాణికులు లోపలే కూర్చున్నారు. మెకానిక్‌లు వచ్చారు.

ఆ పరికరం విమానం బయట గాలికి ఎదురుగా ఉండే చిన్న గొట్టం లాంటిది. పైన గడ్డకట్టే చలిలో దానిమీద మంచు పేరుకోకుండా లోపల ఒక హీటర్ ఉంటుంది. ఆ హీటర్ గాల్లో ఉన్నప్పుడు మాత్రమే వెలగాలి. నేల మీద ఉండగా వెలిగిందంటే పరికరం తన వేడినే తాను కొలుచుకుంటుంది. జరిగింది అదే. మెకానిక్‌లు నిబంధనల పుస్తకం తిరగేశారు. దారిలో మంచు పేరుకునే వాతావరణం లేకపోతే ఈ హీటర్ లేకుండానే వెళ్లొచ్చని అందులో ఉంది. సర్క్యూట్ బ్రేకర్ లాగి హీటర్‌కు కరెంటు ఆపేశారు. అంకె సరిపోయింది, విమానానికి అనుమతి దొరికింది. పుస్తకం ప్రకారం అందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

కానీ అసలు ప్రశ్న ఎవరూ వేయలేదు. నేల మీద నిలబడి ఉన్న విమానంలో, గాల్లో మాత్రమే వెలగాల్సిన హీటర్ ఎందుకు వెలిగింది?

విమానం తాను నేల మీద ఉందో, గాల్లో ఉందో ఎలా తెలుసుకుంటుంది? ఈ రకం విమానాల్లో ముందు చక్రం కాలు మీద బరువు పడిందా లేదా అన్నదే ఆనవాలు. ఆ సమాచారం కొన్ని రిలేల ద్వారా రకరకాల వ్యవస్థలకు అందుతుంది. వాటిలో ఒక రిలే పేరు ఆర్2-5. ఉష్ణోగ్రత గొట్టం హీటర్‌కు నేలా గాలా చెప్పేది ఇదే. ఇంకో రెండు మూడు వ్యవస్థలకూ ఇదే చెబుతుంది. వాటిలో ఒకటి టేకాఫ్ హెచ్చరిక వ్యవస్థ.

ఈ హెచ్చరిక వ్యవస్థ పని చాలా సులువు. విమానం నేల మీద ఉంది, పైలట్ ఇంజన్ల లివర్లను ముందుకు తోశాడు, కానీ ఫ్లాపులో స్లాట్లో సరైన చోట లేవు. ఈ మూడూ కలిసిన క్షణంలో హారన్ మోగాలి, ఏది సరిగా లేదో ఒక గొంతు చెప్పాలి. దీనికి మొదటి షరతు విమానం నేల మీద ఉందని తెలియడం. గాల్లో ఉన్నప్పుడు ఫ్లాపులు ముడిచి, లివర్లు తోయడం రోజూ చేసే పనే కాబట్టి అప్పుడు మోగకూడదు. రిలే గనక "మనం గాల్లో ఉన్నాం" అని చెబితే హెచ్చరిక వ్యవస్థ నోరు మూసుకుంటుంది, హీటర్ వెలుగుతుంది. ఆ మధ్యాహ్నం కాక్‌పిట్‌లో కనిపించిన వింత అంకె, హారన్ మూగబోయిందని చెప్పిన ఏకైక ఆనవాలు అయి ఉండవచ్చు. మెకానిక్‌లు ఆ ఆనవాలును తీసేశారు.

"అయి ఉండవచ్చు" అని ఎందుకంటున్నానంటే, దర్యాప్తు అధికారులు కూడా అంతకుమించి అనలేదు. కాలిపోయిన శిథిలాల్లోంచి ఆ రిలే దొరికింది, పరీక్షించారు. ఆ రోజు అది సరిగా పనిచేయలేదని ఖాయంగా నిరూపించలేకపోయారు. హారన్ మోగలేదన్నది మాత్రం కాక్‌పిట్ రికార్డింగ్ సాక్షిగా నిజం. 2010లో కొన్ని పత్రికలు ఈ ప్రమాదానికి కంప్యూటర్ వైరస్ కారణమని రాశాయి. వైరస్ ఉన్నది సంస్థ కార్యాలయంలో మరమ్మతుల వివరాలు నమోదుచేసే కంప్యూటర్‌లో. విమానంలోని హెచ్చరిక వ్యవస్థ 1980 దశకపు తీగలూ రిలేల సరుకు. దానికి వైరస్ సోకే వీలే లేదు. ఈ కథ ఇప్పటికీ ఇంటర్‌నెట్‌లో తిరుగుతూనే ఉంది.

హారన్ మోగకపోవడం రెండో తప్పు. మొదటిది, అసలు ఫ్లాపులు చాచకపోవడం. మొదటిసారి రన్‌వే దాకా వెళ్లినప్పుడు చాచారు. వెనక్కి వచ్చాక ముడిచారు. రెండోసారి బయలుదేరేటప్పుడు చాచలేదు. ఎందుకు?

కాక్‌పిట్ రికార్డింగ్ ప్రకారం, ఇంజన్లు స్టార్ట్ చేశాక చదవాల్సిన చెక్‌లిస్ట్‌ను పైలట్లు చదువుతూనే ఉన్నారు. సరిగ్గా ఫ్లాపుల అంశం వచ్చే వేళకు, కదలడానికి కంట్రోల్ టవర్ అనుమతి అడగమని కెప్టెన్ కో-పైలట్‌కు చెప్పాడు. కో-పైలట్ రేడియో అందుకున్నాడు. మళ్లీ చెక్‌లిస్ట్ దగ్గరికి వచ్చేసరికి ఆ అంశం దాటిపోయింది. అప్పటికే గంటకు పైగా ఆలస్యమైంది, లోపల ప్రయాణికులు ఉక్కపోతలో ఉన్నారు, అంతా తొందర.

చారులో ఉప్పు వేయబోతుండగా ఫోన్ మోగితే ఏమవుతుందో వంట చేసేవాళ్లందరికీ తెలుసు. తిరిగొచ్చాక వేశామా లేదా అన్నది నిజంగా గుర్తుండదు. వేసినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే రోజూ వేస్తాం. నిన్నటి జ్ఞాపకమూ మొన్నటి జ్ఞాపకమూ వచ్చి ఇవాళ్టి ఖాళీని పూడ్చేస్తాయి. ఇలా ముందు ముందు చేయాల్సిన పనిని గుర్తుపెట్టుకునే శక్తి మీద అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో కీ డిస్‌ముక్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఏళ్లపాటు పరిశోధించారు. మధ్యలో ఆగిన పనిని తిరిగి అందుకోవడంలో అనుభవజ్ఞులు కూడా తడబడతారని వాళ్ల పరిశోధనల సారాంశం. ఇది నైపుణ్యం లేక జరిగేది కాదు. పని బాగా అలవాటైపోవడం వల్ల జరిగేది. కొత్త పైలట్ ఫ్లాపుల లివర్ కోసం వెతుక్కుంటాడు, అందుకే మరచిపోడు. వేలసార్లు చేసిన చేయి మాత్రం తనంతట తానే చేసేస్తుందని మనసు నమ్ముతుంది.

ఇంకో అవకాశం ఉంది. టేకాఫ్‌కు ముందు చివరిగా సరిచూసుకునే అంశాల్లో ఫ్లాపులు మళ్లీ వస్తాయి. కో-పైలట్ ఆ అంశం చెప్పాడు. ఉండాల్సిన విలువ 11 డిగ్రీలు. అతని నోట సరైన అంకే వచ్చింది. కానీ ఫ్లైట్ రికార్డర్‌లో ఈ రెండోసారి ఫ్లాపులు మొదటినుంచి చివరిదాకా సున్నా దగ్గరే ఉన్నాయి. అతను అబద్ధం చెప్పాడని ఎవరూ అనలేదు. పరికరం వైపు చూసి ఉండవచ్చు కూడా. కళ్లు చూసినదాన్ని కాక, ఉండాల్సినదాన్ని నోరు చదివింది. చెక్‌లిస్ట్ చదవడం వేరు, సరిచూడటం వేరు. చదవడం అలవాటయ్యేకొద్దీ సరిచూడటం అరిగిపోతుంది.

చెక్‌లిస్ట్ అన్న ఆలోచన పుట్టిందే ఒక టేకాఫ్ ప్రమాదం నుంచి. 1935 అక్టోబర్ 30న అమెరికాలో ఒహాయో రాష్ట్రపు రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ సంస్థ మోడల్ 299 అనే కొత్త బాంబర్‌ను సైన్యానికి చూపించడానికి లేపింది. నేల మీద గాలికి కదలకుండా తోక పలకలకు వేసిన తాళాన్ని తీయడం మరచిపోయారు. విమానం నిట్టనిలువుగా లేచి, స్టాల్ అయి పడిపోయింది. ఇద్దరు చనిపోయారు. నడిపినవాళ్లు అనుభవం లేనివాళ్లేమీ కాదు. విమానం ఒక మనిషి జ్ఞాపకశక్తికి మించిపోయిందని అర్థమై, కాగితం మీద రాసుకుని చదవడం మొదలుపెట్టారు. అదే విమానం తర్వాత బీ-17 పేరుతో పన్నెండు వేలకు పైగా తయారైంది.

సరే, మాడ్రిడ్ విమానం మధ్యాహ్నం 2 గంటల 24 నిమిషాలకు లేచింది. లేచిందంటే నిజంగానే లేచింది. ఫ్లాపులు లేకపోతే అసలు నేల ఎలా వదిలింది? దీనికి జవాబు నేలలోనే ఉంది. రెక్క నేలకు చాలా దగ్గరగా ఉన్నప్పుడు, రెక్క చివర్ల నుంచి కిందికి దొర్లే గాలి సుడులను నేల అడ్డుకుంటుంది. దాంతో రెక్కకు అనుకోని సాయం దొరుకుతుంది, కాస్త తక్కువ కోణంలోనే ఎక్కువ లిఫ్ట్ వస్తుంది. ఆ సాయం పదిపన్నెండు మీటర్ల ఎత్తు దాటేకొద్దీ కరిగిపోతుంది. విమానం సుమారు 12 మీటర్లు లేచింది. స్టాల్ హెచ్చరిక మోగింది, పైలట్ చేతిలోని కంట్రోల్ కాలమ్ అదిరింది. వెనక్కి వాలి ఉండే రెక్కల్లో స్టాల్ అయ్యేటప్పుడు రెండు వైపులా లిఫ్ట్ ఒకేసారి తగ్గదు. విమానం కుడివైపు ఒరిగిపోయి, రన్‌వే పక్కన నేలను ఢీకొట్టి, ముక్కలై మండిపోయింది. బరాహాస్ సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తున ఉంది, పైగా వేసవి. అక్కడి గాలి మామూలుకంటే పలచన. ఆ లోటు కూడా అప్పుడు తోడైంది. 154 మంది చనిపోయారు. 18 మంది బతికారు.

ఇదే రకం విమానానికి ఇది మొదటిసారి కాదు. 1987 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో నార్త్‌వెస్ట్ సంస్థ ఎండీ-82 ఒకటి ఫ్లాపులు, స్లాట్లు చాచకుండానే లేచింది. రన్‌వే అప్పుడే మార్చారు, ఎక్కడ తిరగాలో తేలక కాస్త తడబడ్డారు, వాతావరణం గురించిన ఆందోళన ఉంది. రన్‌వే వైపు కదిలేటప్పుడు చదవాల్సిన చెక్‌లిస్ట్ అసలు చదవనే లేదు. హారన్ మోగలేదు. హెచ్చరిక వ్యవస్థకు కరెంటే అందలేదు. బ్రేకర్ దానంతట అదే పడిందా, ఎవరైనా లాగారా, లోపల కనెక్షన్ పోయిందా అన్నది తేలలేదు. 156 మంది చనిపోయారు. విమానంలో ఉన్నవాళ్లలో నాలుగేళ్ల పాప ఒక్కతే మిగిలింది.

ఏడాది తిరిగింది. 1988 ఆగస్టు 31న డాలస్‌లో డెల్టా సంస్థ బోయింగ్ 727. పైలట్లు కబుర్లలో పడ్డారు. ఫ్లాపులు చాచలేదు, హారన్ మోగలేదు, 14 మంది చనిపోయారు. అంతకు చాలా ముందు, 1974 నవంబర్‌లో నైరోబీలో లుఫ్తాన్సా బోయింగ్ 747 రెక్క ముందు అంచు పలకలు తెరుచుకోకుండానే లేచి పడిపోయింది. 747 రకానికి అదే మొదటి ప్రాణాంతక ప్రమాదం, 59 మంది పోయారు. 

హారన్ మోగితే చాలా? 1999 ఆగస్టు 31న బ్యూనస్ ఎయిరిస్ నగరం మధ్యలోని విమానాశ్రయంలో లాపా సంస్థ బోయింగ్ 737 పరుగు మొదలుపెట్టినప్పటి నుంచీ హారన్ మోగుతూనే ఉంది. పైలట్లు ఆగలేదు. విమానం లేవలేదు, రన్‌వే దాటి రోడ్డు మీదుగా దూసుకుపోయింది. 65 మంది చనిపోయారు. ఈ ప్రమాదాన్ని నేను మాడ్రిడ్‌తో కలిపి చూడను. అక్కడ యంత్రం తన పని చేసింది, మనుషులు చేయలేదు. మరో చిక్కు 2005 ఆగస్టులో హీలియోస్ సంస్థ విమానంలో ఎదురైంది. బోయింగ్ 737లో నేల మీద టేకాఫ్ హెచ్చరికకూ, గాల్లో క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గిందన్న హెచ్చరికకూ ఒకే హారన్ పెట్టారు. పైకి ఎక్కుతుండగా అది మోగింది. పైలట్లు దాన్ని టేకాఫ్ హెచ్చరిక అనుకున్నారు. ఆక్సిజన్ చాలక స్పృహ కోల్పోయారు. ఏథెన్స్ దగ్గర కొండల్లో 121 మంది పోయారు. ఒకే మోతకు రెండు అర్థాలు పెట్టడం నా దృష్టిలో క్షమించరాని డిజైన్ లోపం.

మోతకు రెండు అర్థాలు ఉండటం ఎంత ప్రమాదమో, మౌనానికి రెండు అర్థాలు ఉండటమూ అంతే ప్రమాదం. మాడ్రిడ్ ప్రమాదంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. హారన్ మోగలేదంటే అంతా సవ్యంగా ఉందని అర్థం. లేదా హారనే చచ్చిపోయిందని అర్థం. రెంటికీ చెవికి తెలిసే తేడా ఏమీ లేదు. రైల్వే సిగ్నళ్లు తయారుచేసినవాళ్లు ఈ సంగతి నూరేళ్లకు పూర్వమే గ్రహించారు. పట్టాల్లో సన్నని కరెంటు పారుతుంటేనే దారి ఖాళీగా ఉందని సిగ్నల్ చెబుతుంది. రైలు వచ్చినా, తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా కరెంటు ఆగి, సిగ్నల్ ఎర్రగా మారుతుంది. అంటే అక్కడ పాడైపోవడానికి కూడా ప్రమాదమనే అర్థం. ఎండీ-82 హెచ్చరిక వ్యవస్థ దీనికి తిరగబడి ఉంది. అది పాడైతే అంతా క్షేమమన్నట్టే ఉంటుంది.

విమానంలో ప్రతి హెచ్చరికనూ రైల్వే పద్ధతిలో చేయడం కుదరదు. ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతుంటే పైలట్లు మోతను లెక్కచేయడం మానేస్తారు. కాబట్టి మిగిలిన దారి ఒకటే. హారన్ బతికి ఉందో లేదో తరచుగా మోగించి చూసుకోవాలి. ఎండీ-82 కూడా ఉన్న ఎండీ-80 శ్రేణి విమానాల్లో అది సులువు. ఫ్లాపులు చాచకముందే లివర్లను కాస్త ముందుకు తోస్తే హారన్ మోగాలి. మోగకపోతే కదలకూడదు. డెట్రాయిట్ ప్రమాదం జరిగిన నెలలోపే, 1987 సెప్టెంబర్‌లో, తయారీదారు మెక్‌డానెల్ డగ్లస్ ఈ పరీక్షను ప్రతి ప్రయాణానికీ ముందు చేయమని విమాన సంస్థలకు రాసింది. అది సలహా మాత్రమే. పాటించాలో వద్దో ఒక్కో సంస్థ, ఒక్కో దేశం నిర్ణయించుకోవచ్చు. స్పానెయిర్‌లో ఈ పరీక్ష ప్రతిసారీ జరిగేది కాదు. రోజులో మొదటి ప్రయాణానికీ, సిబ్బంది మారినప్పుడూ చేస్తే చాలనుకున్నారు. ఆగస్టు 20న ఆ విమానం అప్పటికే ఒక ప్రయాణం చేసి వచ్చింది.

మాడ్రిడ్‌కు పద్నాలుగు నెలల ముందు ఇంకో హెచ్చరిక కూడా వచ్చింది. 2007 జూన్ 5న కనారీ దీవుల్లోనే లాంసరోటే నుంచి బయలుదేరిన ఆస్ట్రియా సంస్థ ఎండీ-83 ఒకటి సరిగ్గా ఇలాగే ఫ్లాపులు లేకుండా లేచింది. హారన్ మోగలేదు. విమానం అటూ ఇటూ భయంకరంగా ఒరిగింది. పైలట్లు ముక్కు దించి, వేగం పెంచి, ఫ్లాపులు చాచి బయటపడ్డారు. ఎవరూ చనిపోలేదు. ఎవరూ చనిపోని ప్రమాదాలను ప్రపంచం ఎలా చూస్తుందో అలాగే చూసింది. సిఫార్సులు రాసేలోపు మాడ్రిడ్ జరిగిపోయింది.

స్పెయిన్ దర్యాప్తు సంస్థ తుది నివేదిక 2011లో వచ్చింది. ఫ్లాపులూ స్లాట్లూ చాచకపోవడం వల్ల స్టాల్ అయిందని, పైలట్లు వరుసగా మూడుచోట్ల దాన్ని గుర్తించలేకపోయారని, హెచ్చరిక వ్యవస్థ పనిచేయకపోవడం దానికి తోడైందని తేల్చింది. స్పానెయిర్ సంస్థ 2012 జనవరిలో మూతపడింది. మెకానిక్‌ల మీద పెట్టిన క్రిమినల్ కేసును అదే ఏడాది మాడ్రిడ్ కోర్టు కొట్టేసింది. చనిపోయినవాళ్ల కుటుంబాలు దీన్ని ఒప్పుకోలేదు, ఏళ్లపాటు పోరాడుతూనే ఉన్నాయి. పైలట్లది తప్పు కాదని నేనూ అనను. కానీ తప్పు చేసిన పైలట్లు ఇద్దరూ ఆ ప్రమాదంలోనే పోయారు. ఆ తప్పు మళ్లీ చేసే పైలట్ ఇప్పటికీ ఎక్కడో ఒక కాక్‌పిట్‌లో కూర్చుని ఉంటాడు. అతన్ని మరచిపోకుండా చేయడం ఎవరి వల్లా కాదు. అతను మరచిపోయినప్పుడు హారన్ మోగేలా చేయడం మాత్రం చేతిలో పని.

ప్రమాదం జరిగిన రెండు నెలలకు, 2008 అక్టోబర్‌లో, యూరప్ విమాన భద్రతా సంస్థ ఈ రకం విమానాలన్నిటికీ టేకాఫ్ హెచ్చరికను ప్రతి ప్రయాణానికీ ముందు పరీక్షించడం తప్పనిసరి చేసింది. 1987లో ఉత్తరంలో వచ్చిన సలహా ఆదేశంగా మారడానికి 21 ఏళ్లు పట్టింది. ఆ పరీక్షకు పట్టే సమయం కొన్ని క్షణాలు.